పది గ్లాసుల వాన

పుంగనూరులో బయ్యమ్మ ఇంటి అరుగు మీద వసుధ నోట మాట రాక కూర్చుండిపోయింది. అంతవరకూ మీకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

వసుధ తాత సుబ్రహ్మణ్యం 1956లో పుంగనూరు పొలిమేరలో తన చేను గట్టున వాన కొలిచే డబ్బా పాతి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు లెక్క రాయడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఆ లెక్కను కొడుకు మునిరత్నం అందుకున్నాడు. భూగర్భ జలాల శాస్త్రంలో ఆయన మాటకు తిరుగులేదని పేరు. మనవరాలు వసుధ ఆ లెక్కల మీదే బెంగళూరులో వాతావరణ శాస్త్రవేత్త అయింది. ఒక్కరోజు కూడా తప్పని డెబ్బై ఏళ్ల లెక్క ఇప్పుడు పుస్తకమై, రేపు కుప్పంలో విడుదల కాబోతోంది. తాత పుట్టింది ఆ పక్కనే గనుక సభ అక్కడ పెట్టారు. ముఖ్యోపన్యాసం వసుధది.

పుస్తకంలో వేయడానికి పాత డబ్బా ఫోటో తీసుకుందామని నిన్న పుంగనూరు పోయి, మాటల్లో మాటగా ఆ లెక్కల్లోంచి 1996 నవంబరు 18 నాటి వాన ఇరవై ఒకటి పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు అని చదివింది. చేటలో రాగులు చెరుగుతున్న బయ్యమ్మ తలెత్తి, "ఆ పొద్దుదా? ఇరవై ఒకటి కాదమ్మా. పది గ్లాసుల వాన అది. నేను గదా కొలిసింది" అన్నది.

బయ్యమ్మ ఆ చేను చేసుకునే ఇంటి కోడలు. అక్షరం ముక్క రాదు.

ఆ మాటకు వసుధకు ఆ రాత్రి నిద్ర రాలేదు. పొద్దున్నే మదనపల్లెలో తండ్రి ముందు నిలబడి, "నాన్నా, కారెక్కండి. పుంగనూరు పోయొద్దాం" అన్నది.

మునిరత్నానికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా వాకిలి దాటడు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "రేపు సభ పెట్టుకుని ఈ పొద్దు పుంగనూరు యాల?" అన్నాడు.

"మీరొస్తే చెప్తాను."

దారి పొడుగునా ఆయన టమోటా లారీలను తిట్టాడు, రోడ్డును తిట్టాడు, కూతురు బండి నడిపే తీరును తిట్టాడు. అసలు సంగతి మాత్రం అడగలేదు. అడగకపోవడమే జవాబని వసుధకు సగం దారిలో అర్థమైంది. ఏమీ తెలియనివాడు ఊరికే ఉండడు, ఎందుకు, ఏమిటి అని ప్రాణం తీస్తాడు. దొంగకు తేలు కుట్టినట్టు అసలు సంగతి ఎత్తని తండ్రిని ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడడం.

బయ్యమ్మ ఇల్లు మిట్ట మీద ఉంది. మిట్ట కింద ఒకప్పుడు రెండెకరాల మడి. ఇప్పుడక్కడ మోకాటి లోతు ఇసుక మేట. మూడేళ్ల కింద నవంబరులో కొండకింద చెరువు కట్ట తెగినప్పుడు వచ్చి పడిన ఇసుక అది. ఆ మడితోపాటు రెండు పొట్టి ఆవులూ దూడా పోయాయి. అరవై దగ్గర పడుతున్న బయ్యమ్మ ఇప్పుడు ఊళ్లోవాళ్ల తోటల్లో టమోటాలు కోసే కూలికి పోతోంది.

కారు చూసి ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "సారు గూడా వచ్చినాడే! ఎన్నేండ్లయిందప్పా ఈ గడప తొక్కి. కూసోండి, మజ్జిగ తెస్తా."

"మజ్జిగ తర్వాత, అత్తా. నువ్వు నిన్న చెప్పిన ఆ గీతల గోడ ఒకసారి చూపించు" అన్నది వసుధ.

బయ్యమ్మ మునిరత్నం వైపు చూసింది. ఆయన చేతికర్ర కొనతో నేల గీకుతున్నాడు. ఆమె ఇంటి వెనకున్న ఆవుల కొట్టంలోకి నడిచింది. ఆవులు లేని కొట్టంలో ఇంకా ఆవుల వాసన ఉంది.

మట్టిగోడ. పేడతో అలికి అలికి నున్నబడ్డ గోడ. దాని మధ్యలో చాపంత మేర మాత్రం అలుకు తగలకుండా వదిలేసిన చోటు ఉంది. అక్కడ సున్నంతో గీసిన నిలువు గీతలున్నాయి, వేలెడంత లావున, పక్కపక్కన. వసుధ లెక్క పెట్టింది. పది. కింద వరసగా చిన్న గీతలు. అవీ లెక్క పెట్టింది. పదకొండు.

"పెద్ద సారు నేర్పించినాడు నాకు" అంది బయ్యమ్మ. పెద్ద సారంటే సుబ్రహ్మణ్యం. "కొలత గ్లాసు నిండితే పెద్ద గీత. ఒక్కో గ్లాసుకు ఇరవై. మిగిలింది గ్లాసు మీది అడ్డగీతలు ఎంచి సిన్న గీతలు పెట్టమన్నాడు. సగం గీతలు ఎంచొద్దు బయ్యా, నీకు అయోమయం అవుతుంది అన్నాడు. నేను పెట్టలేదు. బొగ్గుతో గీసేదాన్ని. నెలకొకసారి ఈ సారొచ్చి బుక్కులో రాసుకుని పోతే, గోడ అలికేసి మళ్లీ మొదలు పెట్టేది. పెద్ద సారు పోయినప్పట్నుంచి, వాన కొలిచే మిషను పెట్టినదాంకా అంతే."

1988 నుంచి 2009 దాకా. ఇరవై ఒక్క సంవత్సరాలు.

వసుధ లెక్కల మనిషి. మనసులో గుణించక్కర్లేకుండానే తెలుస్తోంది. పది గ్లాసులు రెండు వందలు, పైన పదకొండు. రెండు వందల పదకొండు మిల్లీమీటర్లు. నాన్న చేతిరాతలో నోటుబుక్కులో ఉన్నదీ అదే. దాన్ని ఇరవై ఒకటి పాయింట్ ఒకటి చేసింది ఎవరు? వసుధే.

పన్నెండేళ్ల కిందటి ముచ్చట. బెంగళూరులో పరిశోధన వ్యాసం రాస్తూ ఆ అంకె దగ్గర ఆగింది. ఆరోజు చుట్టుపక్కల కేంద్రాల్లో ముప్పై, ముప్పై అయిదు పడితే, ఈ ఒక్కచోట రెండు వందల పదకొండా? ఫోన్ చేసి అడిగింది. "చేతిపొరపాటు. చుక్క మరిచిపోయి ఉంటా, పెట్టేయ్" అన్నాడు తండ్రి. పెట్టేసింది. ఆ పట్టిక పట్టుకునే, తొమ్మిదేళ్ల కింద కొండకింద చెరువు తిరగకట్టిన ఇంజనీర్లు ఈ సీమలో ఒక్కరోజు పడే అతి పెద్ద వాన నూట పద్దెనిమిది అనుకున్నారు. మిగులు నీళ్లు పోయే మరవను ఆ కొలతకే కట్టారు. మూడేళ్ల కింద రెండు వందల మూడు పడింది. మరవ మోయలేకపోయింది, కట్ట తెగింది. మర్నాడు టీవీ వాళ్లు అడిగితే, 'ఈ ప్రాంతం ఇంతవరకు ఎరగని వాన' అని చెప్పిందీ వసుధే.

ఎరగకపోవడమేం? ఈ గోడకు తెలుసు.

ఇంకొక సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇరవై ఒక్క ఏళ్ల నోటుబుక్కుల్లో ఎక్కడా పాయింటు అన్నదే లేదు. తాత రాసిన రోజుల్లో ఉంది, మిషను వచ్చాక ఉంది, మధ్యలో లేదు. అన్నీ నిండు అంకెలే. చదువుకున్నవాడెవడైనా అడగాల్సిన ప్రశ్న అది. ఆ మధ్యకాలంలో కొలిచిన చెయ్యి వేరేదా అని అడిగి ఉంటే చాలు. ఆమె చూసింది, అడగలేదు. ఇంటి లెక్క కదా, ఇంటివాళ్లను ఎవరు అనుమానిస్తారు! ఊరందరి లెక్కలకూ భూతద్దం పట్టే కుటుంబం తన లెక్క దగ్గర కళ్లు మూసుకుంది.

"ఈ ఒక్క దినానివి అలకలేదేం అత్తా?" అంది వసుధ.

"ఆ పొద్దే గదా మా చిన్నబ్బ పుట్టింది." బయ్యమ్మ ముఖంలో కొంచెం వెలుగొచ్చింది. "తెల్లారుజామున నొప్పులు మొదలైనాయి. వాన చూస్తే చెరువు మీద పడినట్టుండాది. ఎనిమిదిన్నర అయింది. మా అత్త వద్దే వద్దే అంటానే ఉండాది. పెద్ద సారు మాట ఒకటుండాది గదమ్మా, చావొచ్చినా పురుడొచ్చినా ఎనిమిదిన్నర తప్పకూడదని. గోనెపట్ట కప్పుకొని పోయినా. లోపల సీసా నిండి బయట డబ్బాలోకి పొర్లిండాది. అదీ ఇదీ కలిపి కొలిసినా. నొప్పి వచ్చినప్పుడల్లా కంబం పట్టుకొని నిలబడేది, పోతానే మళ్లీ పోసేది. ఒక్కో గ్లాసుకు ఒక్కో గులకరాయి పక్కన పెట్టుకున్యా, మరిచిపోతానేమోనని. పది రాళ్లు. గంట పట్టింది. మద్ద్యాన్నం పుట్నాడు వాడు. బొగ్గు తడిస్తే పోతుందని మా అత్తతో సున్నం తెప్పించి గీయించినా."

మునిరత్నం దగ్గాడు. "సరే బయ్యమ్మా. ఎప్పటి సంగతో అది. నొప్పుల్లో ఉన్న మనిషివి. ఒకటికి రెండు పోసి ఉంటావు. అది నీ తప్పని నేననను..."

"నాన్నా!"

వసుధ అంత గట్టిగా అరుస్తుందని ఆమెకే తెలియదు. కొట్టం కప్పు మీది పావురం ఒకటి లేచిపోయింది.

"చుక్క మరిచిపోయానన్నారు నాతో. చేతిపొరపాటు అన్నారు. ఎవరి చెయ్యో ఆ పొద్దు చెప్పలేదే?"

"చెప్తే ఏమయ్యేది?"

"ఏమయ్యేదో కాదు. తప్పని మీకు నిజంగా అనిపించిందా? అది చెప్పండి."

మునిరత్నం చేతికర్ర గోడకు ఆనించి, కొట్టంలోని గడ్డితొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కాకు మట్టి అంటింది. చూసుకోలేదు.

"అనిపించలేదు" అన్నాడు చివరకు. "ఆ నెలాఖరున వచ్చి రాసుకున్నప్పుడు మరవ దగ్గర నీటి గుర్తు కూడా చూసినాను. ఆమె లెక్క కరెక్టే. కానీ నువ్వడిగినప్పుడు కరెక్టని చెప్పాలంటే, కొలిచింది ఎవరో చెప్పాల. అప్పటికే నాకు రెండు అవార్డులు వచ్చినాయి వసూ. తండ్రి తర్వాత కొడుకు ఒక్కరోజు తప్పకుండా కొలిచినాడని పేపర్ల నిండా రాసినారు. ఆ రోజుల్లో నేను ఉద్యోగం అనంతపురంలో చేస్తాండాను. వాళ్లకు చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఒక్క చుక్కతో పోతుంది గదా అనుకున్నా."

ఒక్క చుక్కతో ఏం పోయిందో మిట్ట కింద ఇసుకలో కనిపిస్తూనే ఉంది.

వసుధ బయ్యమ్మ వైపు తిరిగింది. సభల్లో ఆమెకు మాటలకు కరువుండదు. మూడు భాషల్లో గంటసేపు మాట్లాడగలదు. రైతు రాసిన ఏ ఉత్తరానికైనా జవాబివ్వకుండా పడుకోని శాస్త్రవేత్త అని పోయిన ఏడాది ఒక పేపరు ఆమెను మెచ్చుకుంది కూడా. ఆ కత్తిరింపును అద్దం కట్టించి ఆఫీసులో పెట్టుకుంది. ఇప్పుడు ఒక్క వాక్యం కూడదీసుకోవడానికి కొట్టం గుంజ పట్టుకోవాల్సి వచ్చింది.

"అత్తా, నీ లెక్కను తప్పని మార్చింది నేనే. నాన్న చెప్పినాడని కాదు, నాకే నమ్మబుద్ధి కాలేదు. పెద్ద అంకె కదా. దానివల్లే మరవ చిన్నదయింది. నీ మడి, నీ ఆవులు... ఆ పాపం నాది."

బయ్యమ్మ గోడ మీది గీతలను అరచేత్తో తడిమింది, బిడ్డ వీపు తడిమినట్టు.

"సుక్క పెట్టేదానికి నీకు ఎంతసేపు పట్టింది పాపా?"

వసుధ తల వంచుకుంది. "క్షణం."

"నాకు గంట పట్టింది." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వసుధకు కొంత నయంగా ఉండేది. "మడి పోతే పోయింది. ఆవులు పోయినాయి, ఏడిసినా, అయిపోయింది. నాకు మా చిన్నబ్బ సంగతి తేల్చు."

"చిన్నబ్బకేమైంది? బెంగళూరులో పని అన్నావు కదా పోయినసారి?"

"అట్ల సెప్పినా. ఊర్లో మర్యాద కోసరం సెప్పే మాట అది. వాడు శాంతిపురంలో గ్రానైటు షెడ్డులో బండలు పాలీసు చేస్తాండాడు. వాళ్ల నాయన పోయినాంక ఈడ చెరువుకు నీరుగంటి వాడే. ఏ మడికి ఎంత నీళ్లు ఇడవల్ల, తూము ఎప్పుడు ఎత్తల్ల, అంతా వాని చేతిలో. ఆ పొద్దు కట్ట తెగితే, పైనుంచి వచ్చినోళ్లు మరవ లెక్క ప్రకారమే ఉండాది, నీరుగంటి తూము ఎత్తకుండా పడుకున్యాడు అని రాసుకొని పోయినారు. ఊరంతా అదే మాట. తాగి పడుకున్యాడన్యారు. వాడు కల్లు వాసన సూడనోడు. పీకల దాకా నీళ్లలో నిలబడి తూము ఎత్తినాడు పాపా, నేను సూసినా. తూములో ఎంత పోతుంది? మరవ పట్టల్ల గానీ. తల్లి సాక్ష్యం ఎవురింటారు? పెండ్లి కుదిరినోళ్లు వద్దన్యారు. వాడు ఊరిడిసిపెట్టి మూడేండ్లు. పండక్కు గూడా రాడు. పుస్తకంలో నా పేరు రాయొద్దు, ఏమొద్దు. మా వాడు తలెత్తుకొని ఊర్లోకి రావల్ల. అంతే నాకు."

"రేపు కుప్పం సభలో చెప్తాను" అంది వసుధ. "గీతల సంగతి, చుక్క సంగతి, మరవ సంగతి. అందరి ముందరా. కాగితం మీద రాసి పైవాళ్లకూ ఇస్తాను."

"వసూ." మునిరత్నం లేచాడు. "చెప్పొద్దనను. నాకిప్పుడు ఆ ముఖం లేదు. కానీ ఒక్కటి ఆలోచించు. రేపు అక్కడ మీ తాత పేరు మీద హాలు తెరుస్తాండారు. నీ ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. కొంచెం ఆగి, నెమ్మదిగా, ఒక సవరణ అని ఎక్కడైనా వేయించుకుంటే..."

"మూడేళ్లు ఆగినాడు నాన్నా చిన్నబ్బ. ఇంకెన్నాళ్లు ఆగాలి?"

ఆయన కొట్టం గడప దగ్గర నిలబడి, తండ్రి పాతిన తుప్పు డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు.

మాట ఇచ్చేసరికి వసుధకు గుండెలో కొంచెం బరువు దిగినట్టయింది. తప్పు ఒప్పుకున్నాను, సరిదిద్దబోతున్నాను, ఇంక నేను చేయగలిగింది చేస్తున్నాను అనుకుంది. పాపం, మనిషి అంతే. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలని తెలుసు, ఒక్క గుక్కతో తీరిపోతుందనుకుంటాడు.

"అట్లయితే ఒక కాగితం ఉండాది, సూడు" అంటూ బయ్యమ్మ ఇంట్లోకి పోయింది. ట్రంకు పెట్టె మూత కిర్రుమంది. పాలిథిన్ కవరులో మడతలు పెట్టి దాచిన కాగితం తెచ్చి వసుధ చేతిలో పెట్టింది.

"కట్ట తెగిన నెలకు మా వాడు ఈ గోడ ఫోటో తీసి, ఎవురో పెద్దోళ్లకు సెల్లులో పంపించినాడు. ఇట్లాంటి వాన ముందు గూడా పడిండాది, మా యమ్మ కొలిసింది, వచ్చి సూడండి అని. వారం దినాలకు జవాబొచ్చింది. దాన్ని కంప్యూటరు అంగట్లో అచ్చేయించుకొని వచ్చి, ఇక్కడే ఈ గోడ కింద కూసోని సదువుకున్యాడు. సదువుకొని ఒక్క మాట మాట్లాడలేదు పాపా. మర్నాడు తెల్లారేకి బస్సెక్కి ఎలబారిపోయినాడు. ఏం రాసినారు నాయనా అంటే సెప్పడు. ఎవురు రాసినారన్నా సెప్పడు. ఇంకెవురితో సదివించుకోవద్దు అని నా చేత ఒట్టు పెట్టించుకున్యాడు. నువ్వు ఇంటి మనిషివి, నీకు పనికొస్తుందేమో. నా ఒట్టు సంగతి నేను సూసుకుంటా. సదువు, ఇంటా."

వసుధ మడతలు విప్పింది. నాలుగు వరసల తెలుగు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయినా చదవడానికి వీలుగానే ఉంది. పైన, 'బి. యువరాజ్, నీరుగంటి గారికి' అని ఉంది. యువరాజ్ ఎవరో ఆమెకు ఒక నిమిషం తట్టలేదు. ఆమెకు తెలిసింది చిన్నబ్బ. బళ్లో పెట్టిన పేరు ఎప్పుడూ వినలేదు.

"పైకి సదువు పాపా. నాకు తెలీదు గదా."

వసుధ చదివింది.

"'మీ సందేశం అందింది. గోడల మీది గీతలు, చదువు రానివారి జ్ఞాపకాలు శాస్త్రీయ ఆధారాలు కావు.'" ఈ వాక్యం కుదురు ఆమె ఎరిగినదే. ఇంత పొందిగ్గా, ఇంత చల్లగా రాసే మనిషిని ఆమె రోజూ అద్దంలో చూస్తుంది. "'అరవై ఏడేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా రాసిన మా కుటుంబ లెక్కల్లో అలాంటి వాన లేదు.'"

గడప దగ్గర మునిరత్నం ఇటు తిరిగాడు.

"ఆపినావేం? ఇంకా ఉన్నట్టుండాదే" అంది బయ్యమ్మ.

ఇంకా ఒక వరస ఉంది. చదవకుండా మడిచి పెట్టేయొచ్చు. అక్షరాలు చెరిగిపోయాయి అనొచ్చు, బయ్యమ్మకు తెలియదు. మునిరత్నం కూతురికి అది చేతకాని పని కాదు. వసుధ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"'మీ తప్పును వాన మీదికి నెట్టకండి.'"

బయ్యమ్మ కళ్లు ఒత్తుకుంది. పది గీతల గోడ వైపు ఒకసారి చూసి, మళ్లీ కాగితం దగ్గరికి వంగి, అట్టడుగున నల్లగా కనిపిస్తున్న సంతకం మీద వేలు పెట్టింది.

"ఇదేనా పేరు? ఎవురు పాపా, ఈ రాసినోళ్లు?"